అంచులకు పేరు పెట్టిన ఆయిలర్

లియొనార్డ్ ఆయిలర్ 1707 ఏప్రిల్ 15న స్విట్జర్లాండులోని బాసెల్ నగరంలో జన్మించాడు. తండ్రి పౌల్ క్రైస్తవ మతబోధకుడు. కుమారుడు కూడా తన మార్గంలోనే నడవాలని ఆయన అభిలాష. బాలుని ప్రతిభను గుర్తించిన గణితాచార్యుడు యోహాన్ బెర్నూలీ తండ్రికి నచ్చజెప్పడంతో ఆయిలర్ గణితానికే అంకితమయ్యాడు. 1727లో రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్ అకాడమీలో చేరాడు. 1738లో కుడికంటి చూపు కోల్పోయాడు. 1741లో బెర్లిన్‌కు తరలివెళ్ళాడు.

ఘనాకృతుల రహస్యం ఆయనకు చిక్కింది అక్కడే. గ్రీకు పండితులు రెండు వేల సంవత్సరాలకు పూర్వమే ఈ ఆకృతులను శోధించారు. అయినా రెండు ముఖాలు కలిసే గీతకు ప్రత్యేకంగా పేరైనా లేదు. అందరి కళ్ళెదుట ఉన్నది ఎవరికీ తట్టకపోవడం ఆశ్చర్యమే. ఆయిలర్ దానికి అంచు అనే అర్థం వచ్చే లాటిన్ పదాన్ని వాడి, ముఖాలను, అంచులను, మూలలను వేర్వేరుగా లెక్కించాడు. మూలలనే పాఠ్యపుస్తకాలు శీర్షాలంటాయి.

ఇటుకకు ముఖాలు 6, శీర్షాలు 8, అంచులు 12. ముఖాలను, శీర్షాలను కూడితే 14. అందులోనుంచి అంచులను తీసివేస్తే మిగిలేది 2. అడుగు చతురస్రంగా ఉన్న పిరమిడ్‌కు ముఖాలు 5, శీర్షాలు 5, అంచులు 8. ఇక్కడా మిగిలేది 2. ఇటుక మూల ఒకటి కొద్దిగా చెక్కివేస్తే ముఖం ఒకటి, శీర్షాలు రెండు, అంచులు మూడు పెరుగుతాయి. ఆ 2 మాత్రం చెక్కుచెదరదు. చదునైన ముఖాలు గల ఆకృతులకే ఈ లెక్క. వంపు తిరిగిన బంతి, స్తూపం సంగతి వేరు.

1750 నవంబరులో మిత్రుడు గోల్డ్‌బాక్‌కు ఈ సంగతి తెలుపుతూ, నిరూపణ ఇంకా దొరకలేదని కూడా ఆయిలర్ దాచకుండా వ్రాశాడు. మరుసటి యేడు, ఆకృతిని ముక్కలుగా కోసుకుంటూ పోయే పద్ధతిలో నిరూపణ ఇచ్చాడు. అందులో లోపం మిగిలింది. దోషరహితమైన నిరూపణను 1794లో ఫ్రాన్సు గణితజ్ఞుడు లెజాండ్ర్ అందించాడు. ద్వారబంధంలా నడుమ ఖాళీ గల చట్రానికి ఈ సూత్రం వర్తించదని ఆ తరువాతి వారు తేల్చారు.

1766లో ఆయిలర్ తిరిగి సెయింట్ పీటర్స్‌బర్గ్ చేరాడు. ఎడమకంటికి శుక్లం కమ్మింది. 1771లో జరిగిన శస్త్రచికిత్సతో వచ్చిన చూపు కొద్దికాలానికే పోయింది. ఆ యేడే ఇల్లు అగ్నికి ఆహుతైంది. అయినా పని ఆగలేదు. ఆయన మనసులోనే గణించి చెబుతుండగా కుమారులు, శిష్యులు వ్రాసేవారు. 1783 సెప్టెంబరు 18న, అప్పటికి రెండేళ్ళ క్రితమే కనుగొన్న యురేనస్ గ్రహపు కక్ష్య గురించి సహచరులతో చర్చించిన కొద్దిసేపటికే కన్నుమూశాడు. ఆయన మిగిల్చిపోయిన వ్యాసాలను అకాడమీ దాదాపు అర్ధశతాబ్దం పాటు ప్రచురిస్తూనే వచ్చింది.