మెడ గడ్డ మీద కత్తి పెట్టే ముందు: జర్రాహీ ఉస్తాద్ అజ్జహ్రావీ

స్పెయిన్‌ను ఒకప్పుడు అందలుస్ అనేవారు. అక్కడ ఖుర్తుబా నగరం పక్కనే ఖలీఫా మూడో అబ్దుర్రహ్మాన్ కట్టించిన మదీనతుజ్జహ్రా ఉండేది. క్రీ.శ. 936 ప్రాంతంలో పుట్టిన అబుల్ ఖాసిమ్ ఖలఫ్ ఆ ఊరివారు. అందుకే ఆయనకు అజ్జహ్రావీ అనే పేరు స్థిరపడింది. ఆయన బతుకు గురించి చరిత్రలో దొరికేది తక్కువే. ఆయనేంటో చెప్పేది ఆయన రాసిన కితాబే.

ఆ కితాబు పేరు 'అత్తస్రీఫ్'. మొత్తం 30 భాగాలు. చివరి భాగం జర్రాహీ, అంటే ఆపరేషన్ల గురించి. అందులో దాదాపు 200 పరికరాల బొమ్మలు గీసి చూపించారు.

ఆ భాగం మొదట్లోనే ఒక విషాదం చెప్పారు. ఒక స్త్రీకి మెడలో కంఠమాల గడ్డ లేచింది. శరీరంలో ఏ నరం ఎక్కడుందో తెలియని వైద్యుడొకడు దాన్ని కోశాడు. మెడలోని రక్తనాళాలు తెగి, ఆమె అతని ముందే ప్రాణం విడిచింది. అందుకే శరీర నిర్మాణం చదవనివాడు కత్తి ముట్టుకోకూడదని అజ్జహ్రావీ గట్టిగా చెప్పారు.

మరి మెడ గడ్డను ఎలా తీయాలి? చర్మాన్ని మెల్లగా కోసి, కొక్కేలతో పక్కకు లాగి, నాళాలనూ నరాలనూ తప్పిస్తూ కొంచెం కొంచెంగా విడదీయాలన్నారు. గడ్డ మొదట్లో పెద్ద నాళం ఉంటే అక్కడ కోయొద్దు, గట్టి దారంతో కట్టి వదిలేయమన్నారు. గొంతు ముందు లేచే వాపుల్లో రక్తనాళం ఉబ్బినట్టుండే రకాన్ని అసలు ముట్టుకోవద్దన్నారు. చిన్నగా, సంచిలా ఉన్నదాన్నే, ముందు సూదిలాంటి పరికరంతో పరీక్షించి, సంచితో సహా తీయమన్నారు. ముదిరిన క్యాన్సర్‌ను తాను నయం చేయలేకపోయానని దాచకుండా రాశారు.

ఆయన 1013 ప్రాంతంలో కన్నుమూశారు. 12వ శతాబ్దంలో తులైతులా నగరంలో జెరార్డ్ ఈ జర్రాహీ భాగాన్ని లాటిన్‌లోకి మార్చాక, యూరప్ వైద్యులు వందల ఏళ్లు దాన్నే చదివారు.

ఈ రోజుకీ మెడ లోపల, మెదడుకు రక్తం తీసుకెళ్లే నాళం రెండుగా చీలే చోట అరుదుగా కెరోటిడ్ బాడీ ట్యూమర్ అనే గడ్డ వస్తుంది. నిండా రక్తనాళాలే. తొందరపడి కోస్తే ప్రమాదం కాబట్టి డాక్టర్లు ముందు స్కాన్ తీసి, నాళాల దారి చూశాకే ఆపరేషన్ గురించి మాట్లాడతారు. ఇంట్లో ఎవరికైనా మెడలో గడ్డ కనిపిస్తే నాటు కోతలకు, వాతలకు పోకుండా సర్జన్‌కు చూపించండి. ముందు తెలుసుకో, తర్వాతే కోయి అన్నదే అజ్జహ్రావీ మనకు వదిలి వెళ్లిన ఇల్మ్.