సముద్రగర్భంలో దొరికిన సంఖ్య: సేంతెగ్జుపెరీ జీవితం

ప్రపంచమంతటా పిల్లలూ పెద్దలూ చదువుకునే చిన్నారి రాకుమారుని కథను రచించిన ఆంత్వాన్ ద సేంతెగ్జుపెరీ వృత్తిరీత్యా విమాన చోదకుడు. ఆయన 1944 జూలై 31న యుద్ధ విమానంలో బయలుదేరి తిరిగి రాలేదు. ఆ విమానం ఎక్కడ కూలిందో తెలియడానికి దాదాపు 60 సంవత్సరాలు పట్టింది. చివరకు దానిని తేల్చినది ఒక లోహపు రేకుపై ముద్రించిన నాలుగంకెల సంఖ్య.

సేంతెగ్జుపెరీ 1900 జూన్ 29న ఫ్రాన్సులోని లియాన్ నగరంలో ఒక ప్రాచీన కులీన కుటుంబంలో జన్మించారు. నాలుగేళ్లు నిండకముందే తండ్రి మరణించగా, ఐదుగురు సంతానాన్నీ తల్లి మరీ పెంచారు. పన్నెండేళ్ల వయసులో, ఇంటికి సమీపాన ఉన్న అంబేరియు విమాన స్థావరంలో ఆయన తొలిసారి ఆకాశయానం చేశారు. 1917లో తమ్ముడు ఫ్రాన్స్వా కన్నుమూశాడు. నౌకాదళ విద్యాలయ ప్రవేశ పరీక్షలో ఉత్తీర్ణత లభించలేదు. 1921లో సైనిక సేవకు చేరినపుడు సొంత ఖర్చుతో విమానం నడపడం నేర్చుకున్నారు.

1926లో ఆయన తులూజ్ నగరంలోని లాతెకోయేర్ సంస్థలో చేరి, ఆఫ్రికా తీరం వెంట ఉత్తరాల మూటలను విమానంలో చేరవేశారు. మరుసటి ఏడు సహారా ఎడారి అంచున కేప్ జూబీ స్థావరానికి అధికారిగా నియమితులయ్యారు. ఎడారిలో దిగిపోయిన చోదకులను వెదకి తేవడం, స్థానిక తెగలతో సఖ్యత నెలకొల్పడం అక్కడ ఆయన విధులు. 1929లో అర్జెంటీనాకు వెళ్లారు. 1931లో వెలువడిన రాత్రి విమానయానపు నవలకు ఫ్రాన్సులో ఫెమినా పురస్కారం లభించింది. ఆ ఏడాదే ఎల్ సాల్వడార్ దేశీయురాలైన కాన్సువేలోను వివాహమాడారు.

1935 డిసెంబరు 30న పారిస్ నుండి సైగాన్‌కు వేగయాత్ర చేస్తుండగా ఆయన విమానం లిబియా ఎడారిలో నేలకు తగిలి కూలింది. ఆయనా, మెకానిక్ ఆంద్రే ప్రెవో బ్రతికారు గాని త్రాగడానికి నీరు లేదు. దాహంతో ప్రాణాలు కడబట్టిన వారిని ఒంటెపై వచ్చిన ఒక ఎడారివాసి కాపాడాడు. 1938లో గ్వాటెమాలాలో జరిగిన మరో ప్రమాదం ఆయన దేహాన్ని శాశ్వతంగా దెబ్బతీసింది.

రెండవ ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్సు ఓడిన పిమ్మట ఆయన అమెరికా చేరారు. చిన్నారి రాకుమారుని కథ 1943 ఏప్రిల్‌లో న్యూయార్క్‌లో వెలువడింది. ఆ వెంటనే ఆయన ఉత్తర ఆఫ్రికాకు వెళ్లి, తన పాత నిఘా దళంలో మళ్లీ చేరారు. వయోపరిమితి ఎన్నడో దాటింది; పాత గాయాల వలన దుస్తులు ధరించడానికి సైతం పరుల సాయం కావలసి వచ్చేది. అయినా పట్టుబట్టి అనుమతి సాధించారు.

ఆయన నడిపినది లాక్‌హీడ్ సంస్థ నిర్మించిన పి-38 లైట్నింగ్ యుద్ధ విమానపు నిఘా రూపం. అందులో తుపాకులు తొలగించి ఛాయాచిత్ర యంత్రాలు అమర్చారు. ఆనాడు కోర్సికా ద్వీపంలోని బోర్గో నుండి, గ్రెనోబుల్, ఆన్‌సీ ప్రాంతాల చిత్రాలు తీయడానికి ఆయన ఒంటరిగా బయలుదేరారు. మధ్యాహ్నానికి రావలసిన విమానం రాలేదు.

1998 సెప్టెంబరులో మార్సెయ్ నగర సమీపాన, రియూ ద్వీపం వద్ద ఒక జాలరి వలలో వెండి కంకణం పడింది. దానిపై సేంతెగ్జుపెరీ పేరు, భార్య పేరు, న్యూయార్క్ ప్రచురణకర్తల చిరునామా చెక్కి ఉన్నాయి. కాని అది ఆయన వెళ్లవలసిన మార్గానికి చాలా దూరం. అందుచేత కంకణం నకిలీదేమోనన్న అనుమానాలు తలెత్తాయి. దొరికిన వస్తువును దాచుకోకుండా బయటపెట్టిన ఆ జాలరి నిందలు పడవలసి వచ్చింది.

2000లో ఒక గజ ఈతగాడు అదే ప్రాంతపు అడుగున విమాన శకలాలను గుర్తించాడు. వాటిని వెలికితీసే అనుమతి 2003లోగాని రాలేదు. శకలాల ఆకృతి పి-38 అని చెప్పింది. అయితే ఆ రకం విమానాలు 10,000కు పైగా తయారయ్యాయి. ఆ సముద్రంలో కూలినవీ అనేకం. పైగా ఆ చోటనే ఒక జర్మన్ మెసర్‌స్మిట్ విమానపు ఇంజను కూడా పడి ఉంది. ఏ ముక్క ఏ విమానానిదో ముందు వేరు చేయవలసి వచ్చింది.

శుభ్రపరచిన రేకులలో ఒకదానిపై 2734 అనే సంఖ్య, దాని ప్రక్కన ఎడమవైపును సూచించే ఎల్ అక్షరం కనిపించాయి. అది కర్మాగారంలో కొట్టిన ముద్ర. లాక్‌హీడ్ వరుస సంఖ్య 2734 గల విమానానికి అమెరికా సైన్యం ఇచ్చిన సంఖ్య 42-68223 అని పత్రాలు తెలిపాయి. సేంతెగ్జుపెరీ చివరిసారి ఎక్కిన విమానం సంఖ్య అదే. 2004 ఏప్రిల్‌లో ఈ సంగతిని అధికారికంగా ప్రకటించారు. జాలరిపై పడిన నింద దానితో తొలగింది.

మన ఇళ్లలో పెళ్లికి పెట్టిన ఇత్తడి బిందెపై పేరు చెక్కించడం ఆనవాయితీ. ఇరుగుపొరుగుల పాత్రలన్నీ ఒక విందులో కలిసినా, పిమ్మట ఆ అక్షరాలు చూచి ఎవరివి వారు తీసుకుపోతారు. యుద్ధకాలపు విమానాల కాక్‌పిట్ మీటర్లు, పలకలు, చోదక దండాలు సేకరించేవారి పరీక్ష కూడా ఇటువంటిదే. అయితే పలకను నేడు కొత్తగా చేయించి పాతదిగా చూపవచ్చు. కనుక వస్తువు నిర్మాణం, దానిపై ముద్ర, కర్మాగారపు పత్రం, దొరికిన చోటు, ఇవన్నీ ఏకీభవించినపుడే విజ్ఞులు దానికి ఒక వ్యక్తి పేరు జతచేస్తారు. అమ్మేవాడు చెప్పే కథ ఎంత రసవత్తరంగా ఉన్నా అది సాక్ష్యం కాదు.

సంఖ్య తెలిపినది కూలిన విమానం ఎవరిదన్నదే. కూలిన కారణాన్ని అది తెలుపలేదు. వెలికితీసిన భాగాలపై తూటా రంధ్రాలు కనిపించలేదు. తానే ఆ విమానాన్ని కూల్చానని 2008లో ఒక వృద్ధ జర్మన్ చోదకుడు చెప్పినా, దానిని బలపరచే పత్రం లభించలేదు. శకలాలు పారిస్ సమీపాన లె బూర్జేలోని విమాన ప్రదర్శనశాలకు చేరాయి. తల్లి మరీ 1972లో, భార్య కాన్సువేలో 1979లో, ఆయన విమానం ఎక్కడ ఉన్నదో ఎరుగకుండానే కన్నుమూశారు.