చెల్లెలి మరణం నుంచి అడయార్ ఆసుపత్రి దాకా: డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి జీవితం

చెన్నైలోని అడయార్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ పేరు నెల్లూరు, చిత్తూరు, కడప జిల్లాల వాళ్లకు కొత్త కాదు. ఇంట్లో ఎవరికైనా క్యాన్సర్ అని తెలిస్తే చాలామంది ముందు ఆలోచించేది అడయార్ గురించే. డబ్బున్నవాళ్లూ అక్కడికి వెళ్తారు, లేనివాళ్లూ వెళ్తారు. ఆ ఆసుపత్రి పుట్టుక వెనుక చెల్లెల్ని పోగొట్టుకున్న ఒక అక్క ఉంది. ఆమే డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి.

ముత్తులక్ష్మి 1886 జూలై 30న పుదుక్కోట సంస్థానంలో పుట్టారు. తండ్రి నారాయణస్వామి అయ్యర్ విద్యావంతుడు, బ్రాహ్మణుడు. తల్లి చంద్రమ్మాళ్ దేవదాసీ కుటుంబం నుంచి వచ్చారు. ఆ కారణంగా లోకం ఆ ఇంటిని చిన్నచూపు చూసేది. ఆడపిల్లకు పెద్ద చదువులెందుకు అనే రోజులవి. అయినా ఆమె మగపిల్లలు చదివే మహారాజా కాలేజీలో చేరారు. కొందరు అడ్డుపడినా పుదుక్కోట రాజా అనుమతి ఇచ్చారు.

1907లో మద్రాసు మెడికల్ కాలేజీలో చేరి, 1912లో డాక్టర్ పట్టా తీసుకున్నారు. ఎగ్మూరులోని ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రిలో హౌస్ సర్జన్‌గా పనిచేశారు. 1914లో డాక్టర్ సుందర రెడ్డిని పెళ్లి చేసుకున్నారు. పెళ్లికి ముందే ఆమె ఒక షరతు పెట్టారు. తనను సమానంగా చూడాలి, తన పనికి అడ్డు రాకూడదు. ఆయన ఒప్పుకున్నారు, జీవితాంతం ఆ మాట మీదే నిలబడ్డారు.

1920ల తొలినాళ్లలో ఆ కుటుంబంపై పిడుగు పడింది. ముత్తులక్ష్మి చెల్లెలికి మలంలో రక్తం పడసాగింది. చూసినవాళ్లు రక్త విరేచనాలు అనుకుని ఆ వైద్యమే చేశారు. అసలు జబ్బు పురీషనాళ క్యాన్సర్ అని తేలేసరికి చేయి దాటిపోయింది. అక్క డాక్టరై ఉండి కూడా చెల్లెల్ని కాపాడుకోలేకపోయింది. జబ్బును ఆలస్యంగా గుర్తించడం ఒక దెబ్బ. గుర్తించిన తర్వాత కూడా సరైన చికిత్స దొరికే చోటు లేకపోవడం ఇంకో దెబ్బ. ఆ బాధను ముత్తులక్ష్మి మరిచిపోలేదు.

1925లో పైచదువుల కోసం లండన్ వెళ్లినప్పుడు అక్కడి క్యాన్సర్ ఆసుపత్రిని చూశారు. ఒక్క జబ్బు కోసమే డాక్టర్లు, యంత్రాలు, పరిశోధన అన్నీ ఒకే కప్పు కింద ఉన్నాయి. మన దగ్గర కూడా ఇలాంటిది ఉండాలన్న ఆలోచన అక్కడే గట్టిపడింది.

అయితే తిరిగి రాగానే ఆమె మీద వేరే బాధ్యత పడింది. మద్రాసు శాసనమండలిలో సభ్యురాలయ్యారు. బ్రిటిష్ ఇండియాలో చట్టసభలో అడుగుపెట్టిన తొలి మహిళ ఆమే. సభ ఆమెను ఉపాధ్యక్షురాలిగా కూడా ఎన్నుకుంది. అప్పట్లో కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసు రాష్ట్రంలోనే ఉండేవి కాబట్టి, ఆమె పోరాటం తెలుగు ఆడపిల్లల కోసం కూడా జరిగినట్టే. ఆలయాలకు ఆడపిల్లలను అంకితం చేసే ఆచారాన్ని ఆపాలని సభలో గట్టిగా వాదించారు. పూర్తి నిషేధ చట్టం 1947లో వచ్చింది. ముస్లిం విద్యార్థినుల హాస్టల్ కోసం, దళిత బాలికల స్కాలర్‌షిప్‌ల కోసం కూడా పాటుపడ్డారు. 1930లో గాంధీజీ అరెస్టుకు నిరసనగా పదవికి రాజీనామా చేశారు. దిక్కులేని ఆడపిల్లల కోసం అవ్వై హోమ్ స్థాపించారు.

ఇన్ని పనుల మధ్య కూడా చెల్లెలి జ్ఞాపకం ఆమెను వదల్లేదు. 1935లో మద్రాసు మెడికల్ కాలేజీ శతాబ్ది ఉత్సవాల్లో మాట్లాడుతూ, క్యాన్సర్ రోగుల కోసం ప్రత్యేక ఆసుపత్రి కట్టాలన్న తన కోరికను అందరి ముందు పెట్టారు. స్పందన అంతంత మాత్రమే. క్యాన్సర్ వస్తే ఎలాగూ చావు తప్పదు, దానికి డబ్బు తగలేయడం ఎందుకన్నది అప్పటి ధోరణి. 1941లో బొంబాయిలో టాటా మెమోరియల్ ఆసుపత్రి తెరుచుకుంది. కానీ దక్షిణాది పేదవాడికి బొంబాయి చాలా దూరం.

ప్రభుత్వం కోసం ఎదురుచూస్తూ కూర్చుంటే లాభం లేదని ఆమెకు అర్థమైంది. 1949లో విమెన్స్ ఇండియన్ అసోసియేషన్ తరఫున క్యాన్సర్ రిలీఫ్ ఫండ్ మొదలైంది. అరవై దాటిన వయసులో ఆమె విరాళాల కోసం తిరిగారు. కొడుకు డాక్టర్ కృష్ణమూర్తి విదేశాల్లో క్యాన్సర్ చికిత్సలో శిక్షణ పొంది వచ్చి అమ్మకు తోడుగా నిలిచారు. 1952 అక్టోబర్ 10న ప్రధాని నెహ్రూ అడయార్‌లో శంకుస్థాపన చేశారు. 1954 జూన్ 18న ఆసుపత్రి మొదలైంది. అప్పుడు ఉన్నవి 12 పడకలే. దక్షిణాదిలో క్యాన్సర్ కోసమే పెట్టిన తొలి ఆసుపత్రి అది.

మరుసటి ఏడాది శాంత అనే యువ డాక్టర్ వచ్చి చేరారు. ప్రభుత్వ ఆసుపత్రిలో ఉద్యోగం చేతికొచ్చినా వదులుకుని అడయార్‌ను ఎంచుకున్నారు. 2021లో కన్నుమూసేదాకా ఆసుపత్రి ఆవరణలోనే ఉంటూ సేవ చేశారు. డబ్బు లేదని ఎవరినీ వెనక్కి పంపకూడదు, చికిత్సలో పేద, ధనిక తేడా చూపకూడదు అన్న నియమాన్ని కృష్ణమూర్తి, శాంత కలిసి నిలబెట్టారు.

1956లో ముత్తులక్ష్మికి పద్మభూషణ్ వచ్చింది. 1968 జూలై 22న ఆమె కన్నుమూశారు. ఆమె పుట్టినరోజును తమిళనాడు ప్రభుత్వం ఆసుపత్రి దినంగా జరుపుతోంది.

ఇలాంటి ఆలోచన ఆ రోజుల్లో మన హైదరాబాద్‌లోనూ ఫలించింది. రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ దవాఖానాకు ఆ పేరు వచ్చింది గుజరాత్ తొలి గవర్నర్‌గా పనిచేసిన మెహదీ నవాజ్ జంగ్ వల్లే. నేటికీ వేలాది పేద కుటుంబాలకు అదే దిక్కు.

ముత్తులక్ష్మి చెల్లెలి కాలంలో పరీక్షలు తక్కువ, ప్రత్యేక దవాఖానాలు అంతకన్నా తక్కువ. ఇప్పుడు రెండూ ఉన్నాయి. అయినా చాలామంది జబ్బు ముదిరాకే డాక్టర్ దగ్గరికి వెళ్తున్నారు. మలంలో రక్తం పడితే మొలలేలే అనుకుంటారు. నోట్లో పుండు వారాల తరబడి మానకపోయినా, రొమ్ములో నొప్పి లేని గడ్డ తగిలినా, నెలసరి ఆగిపోయిన తర్వాత మళ్లీ రక్తం కనిపించినా సిగ్గుతోనో భయంతోనో దాస్తారు. ఇవన్నీ క్యాన్సరే కానక్కర్లేదు. కానీ పరీక్ష చేయిస్తేనే తేలుతుంది. తొలి దశలో పట్టుకుంటే చాలా క్యాన్సర్లు నయమవుతాయి. ముత్తులక్ష్మి చెల్లెలికి దక్కని ఆ అవకాశం ఇప్పుడు మన ఇంటి ఆడవాళ్లకు ఉంది.