గేటు దగ్గర వలంటీర్... ప్రణాళికా సంఘం దాకా

కొంపల్లి దాటి మేడ్చల్ వైపు వెళ్లినా, అల్వాల్ మీదుగా రాజీవ్ రహదారి పట్టుకుని శామీర్‌పేట వైపు వెళ్లినా దారి పొడవునా కాలేజీలే. ఇంజినీరింగ్, ఫార్మసీ, మెడిసిన్, లా, మేనేజ్‌మెంట్... వీటిలో ఏదో ఒకటి మీదే అయితే, మీ క్యాంపస్‌లో ఎన్ఎస్ఎస్ యూనిట్టో, రోటరాక్ట్ క్లబ్బో, సీనియర్లు సొంతంగా పెట్టిన సేవా బృందమో ఉండే ఉంటుంది. ఫస్టియర్‌లో పేరు ఇచ్చి ఉంటారు. ఒక రక్తదాన శిబిరం, మొక్కలు నాటిన ఒక ఫొటో, చివర్లో ఓ సర్టిఫికెట్. ఫైనలియర్ వచ్చేసరికి అది రెజ్యూమెలో ఒక లైను అవుతుంది. ఇంటర్వ్యూలో దాని గురించి చెప్పమంటే ఒక వాక్యం చెప్తారు. రెండో వాక్యం రాదు.

ఆ రెండో వాక్యం ఎక్కడి నుంచి వస్తుందో తెలుసుకోవాలంటే ఒక జీవితం చదవాలి. హైదరాబాద్ విద్యానగర్‌లో ఆమె పేరుతో ఆసుపత్రి ఉంది. ఢిల్లీ మెట్రోలో ఆమె పేరుతో స్టేషన్ ఉంది. దుర్గాబాయి దేశ్‌ముఖ్ అంటే స్వాతంత్ర్య సమరయోధురాలని పోటీ పరీక్షల పుస్తకాల్లో చదివే ఉంటారు. ఆమె కెరియర్ మొదలైంది మాత్రం వలంటీర్ పనితో. అప్పటికి ఆమెకు డిగ్రీ కాదు కదా, పదో తరగతి కూడా లేదు.

పన్నెండేళ్లకే మొదటి ప్రాజెక్టు

దుర్గాబాయి 1909 జులై 15న రాజమహేంద్రవరంలో పుట్టారు. ఎనిమిదేళ్లకే పెళ్లి చేశారు. ఊహ తెలిశాక ఆ పెళ్లిని ఒప్పుకోలేనని ఇంట్లో చెప్పేశారు. తండ్రి, తమ్ముడు ఆమె పక్షాన నిలబడ్డారు. వందేళ్ల కిందటి కోస్తాలో ఒక ఆడపిల్ల ఆ మాట అనడం, ఇంట్లోవాళ్లు సరేననడం చిన్న సంగతి కాదు.

1921లో గాంధీజీ కాకినాడ వస్తున్నారని తెలిసింది. దుర్గాబాయికి అప్పుడు పన్నెండేళ్లు. ఊళ్లోని దేవదాసీలు, పరదా పాటించే ముస్లిం మహిళలు ఆయన్ని కలిస్తే బాగుండునని ఆమెకు అనిపించింది. సభకు అందరూ వెళ్తారు కానీ వీళ్లను రానిచ్చేదెవరు? నిర్వాహకుల దగ్గరికి వెళ్లి అడిగింది. వాళ్లు తీసిపారేయకుండా ఒక షరతు పెట్టారు. ఐదు వేల రూపాయల విరాళం తెస్తే గాంధీజీ సమయంలో కొన్ని నిమిషాలు కేటాయిస్తామన్నారు. ఆ రోజుల్లో ఐదు వేలంటే మాటలు కాదు. దుర్గాబాయి ఆ మహిళల దగ్గరికే వెళ్లింది. అంతా కలిసి డబ్బు పోగేశారు. సభ జరిగింది. కొన్ని నిమిషాల కోసం వచ్చిన గాంధీజీ అంతకన్నా ఎక్కువసేపే ఉన్నారు. వచ్చిన మహిళలు ఒంటిమీది నగలు తీసి ఇచ్చారు. నగలూ నగదూ కలిపి పాతిక వేల రూపాయల దాకా అయ్యిందంటారు. ఆయన హిందీ ప్రసంగాన్ని తెలుగులో చెప్పింది కూడా ఈ పన్నెండేళ్ల పిల్లే.

మీ భాషలో చెప్పుకోవాలంటే ఇది ఒక పూర్తి ప్రాజెక్టు. సమస్యను గుర్తించడం, అనుమతి సంపాదించడం, నిధులు సమకూర్చడం, కార్యక్రమం నడపడం... అన్నీ ఉన్నాయి. అన్నిటికన్నా ముఖ్యమైంది ఇంకొకటుంది. ఎవరి కోసం పని చేస్తోందో వాళ్లనే పనిలోకి తెచ్చింది. వాళ్లు సాయం అందుకునేవాళ్లుగా మిగల్లేదు, సభను నిలబెట్టినవాళ్లయ్యారు.

టికెట్ లేకుంటే ఎవరైనా ఒకటే

1923 డిసెంబరులో కాకినాడలో కాంగ్రెస్ మహాసభలు జరిగాయి. అప్పటికే దుర్గాబాయి హిందీ నేర్చుకుని, ఆడపిల్లలకు హిందీ బడి నడుపుతోంది. మహాసభల వలంటీర్లకు హిందీ వచ్చి ఉండాలి కాబట్టి ఆ బడి అక్కరకొచ్చింది. ఆమెకు పద్నాలుగేళ్లు. ఖద్దరు ఎగ్జిబిషన్ గేటు దగ్గర డ్యూటీ వేశారు. టికెట్ ఉన్నవాళ్లనే లోపలికి పంపాలి.

జవహర్‌లాల్ నెహ్రూ వచ్చారు. ఆయన దగ్గర టికెట్ లేదు. ఆమె ఆపేసింది. నిర్వాహకులు పరిగెత్తుకొచ్చి ఎవరిని ఆపావో తెలుసా అన్నట్టు కోప్పడ్డారు. తెలుసు, అయినా టికెట్ లేదు కదా అన్నదే ఆమె పట్టు. చివరికి వాళ్లు టికెట్ కొనిచ్చాకే నెహ్రూ లోపలికి వెళ్లారు. ఆమె చేసింది సరైన పనేనని ఆయన మెచ్చుకున్నారు కూడా.

ఈ సంఘటన మీరు ఎక్కడో విని ఉంటారు. దీన్ని ధైర్యం కథగా చెప్తారు. వలంటీర్ కథగా చూస్తే ఇంకొకటి కనిపిస్తుంది. ఆమెకు అప్పజెప్పింది చాలా చిన్న పని. గేటు దగ్గర టికెట్లు చూడటం. మన క్లబ్బుల్లో ఇలాంటి డ్యూటీ పడితే మొహం మాడ్చుకుంటాం. స్టేజీ మీద పని కావాలంటాం. ఆమె మాత్రం ఆ చిన్న పనిని పూర్తిగా తనదనుకుంది. రిజిస్ట్రేషన్ డెస్క్ దగ్గర మీరు రాసే పేర్ల జాబితాలో తప్పు ఉంటే మధ్యాహ్నం భోజనాలు చాలవు. రక్తదాన శిబిరంలో ఫారం సరిగా నింపకపోతే ఆ రక్తం ఎవరికీ పనికిరాకపోవచ్చు. చిన్న డ్యూటీలో నమ్మకం సంపాదించినవాళ్లకే పెద్దది అప్పజెప్తారు. ఆఫీసుల్లోనూ ఇదే పద్ధతి.

జైలు చూపించిన సిలబస్

1930లో ఉప్పు సత్యాగ్రహం. దుర్గాబాయి మద్రాసులో పాల్గొని అరెస్టయ్యారు. 1930, 1933 మధ్య మూడుసార్లు జైలు. మదురై జైల్లో ఏకాంత శిక్ష అనుభవించారు. అక్కడ, అంతకుముందు వెల్లూరులో, తోటి మహిళా ఖైదీల కథలు విన్నారు. చాలామందికి తమ మీద ఏ కేసు పెట్టారో కూడా సరిగా తెలియదు. చదువు లేదు. చట్టం తెలియదు. వాదించే లాయరు లేడు. చేయని నేరం ఒప్పుకుని శిక్ష అనుభవిస్తున్నవాళ్లూ వాళ్లలో ఉన్నారు.

వాళ్లకు ఓదార్పు చెప్పగలిగారే తప్ప చేయగలిగిందేమీ లేకపోయింది. దుర్గాబాయి జీవితంలో అసలు మలుపు ఇదే. సేవ చేయాలన్న మనసు ఉంటే సరిపోదని, పని తెలియాలని అర్థమైంది. వీళ్లకు కావాల్సింది లాయరు. లాయరు కావాలంటే డిగ్రీ కావాలి. డిగ్రీకి ముందు మెట్రిక్ కావాలి. తన దగ్గర ఆ మెట్రిక్కే లేదు.

జైలు నుంచి బయటికొచ్చాక రాజకీయాలు పక్కనపెట్టి పుస్తకాలు పట్టారు. అప్పటికి పాతికేళ్లకు దగ్గరపడ్డారు. బెనారస్ హిందూ విశ్వవిద్యాలయం మెట్రిక్ పరీక్షకు కట్టి పాసయ్యారు. తర్వాత ఇంటర్. ఆపైన వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో రాజనీతి శాస్త్రం ఆనర్స్ చదవాలనుకున్నారు. అమ్మాయిలకు హాస్టల్ లేదు కాబట్టి సీటివ్వలేమన్నారు. ఆమె పేపర్లో ప్రకటన వేయించారు. యూనివర్సిటీలో చదవాలని ఉండి హాస్టల్ లేక ఆగిపోయిన అమ్మాయిలు ముందుకొచ్చారు. అందరూ కలిసి సొంతంగా హాస్టల్ పెట్టుకున్నారు. సీటొచ్చింది. 1939లో ఆనర్స్ పూర్తయ్యేనాటికి ఆమెకు ముప్పై. ఆ తర్వాత మద్రాసులో లా చదివి హైకోర్టులో ప్రాక్టీసు పెట్టారు.

బ్యాక్‌లాగ్ ఉందని, గ్యాప్ వచ్చిందని, ఫ్రెండ్స్ అందరికీ ఆఫర్లు వచ్చాయని నిద్రపట్టని రోజులు మీకూ ఉండొచ్చు. ఆమె రెజ్యూమెలో గ్యాప్ ఎంతో లెక్కేసుకోండి. అయితే ఎందుకు చదువుతున్నారో ఆమెకు స్పష్టంగా తెలుసు. ఆ స్పష్టత ఇచ్చింది తరగతి గది కాదు, జైల్లో కలిసిన ఆడవాళ్లు.

నేర్చుకుంటూనే నేర్పించారు

తన చదువు పూర్తయ్యాకే ఇతరులకు సాయం చేద్దామని ఆమె ఆగలేదు. మద్రాసులో ఉండగానే చుట్టుపక్కల ఆడపిల్లలను కూర్చోబెట్టి బెనారస్ మెట్రిక్ పరీక్షకు తయారు చేశారు. తాను దాటిన గట్టే కాబట్టి ఎక్కడ జారతారో ఆమెకు తెలుసు. ఆ చిన్న ట్యూషనే 1937లో ఆంధ్ర మహిళా సభగా రూపుదిద్దుకుంది. తర్వాత్తర్వాత పాఠశాలలు, కాలేజీలు, ఆసుపత్రులు, వృత్తి శిక్షణ కేంద్రాలుగా పెరిగింది. హైదరాబాద్‌లో విద్యానగర్ ఆసుపత్రి, ఉస్మానియా దగ్గరి మహిళా కాలేజీ ఆ చెట్టు కొమ్మలే.

1946లో రాజ్యాంగ సభకు ఎన్నికయ్యారు. సభను నడిపే అధ్యక్షుల ప్యానెల్‌లో ఆమె ఒక్కరే మహిళ. రాజ్యసభ సభ్యత్వానికి కనీస వయసు 35 ఏళ్లని ముసాయిదాలో ఉంటే 30కి తగ్గించాలని సవరణ తెచ్చారు. ఇవాళ రాజ్యాంగంలో ఉన్నది 30 ఏళ్లే. పాలిటీ పేపర్‌కు చదివేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి.

1952 సార్వత్రిక ఎన్నికల్లో పోటీ చేసి ఓడిపోయారు. దాంతో ఆమె పని ఆగలేదు. ప్రణాళికా సంఘంలో సభ్యత్వం వచ్చింది. దేశంలో స్వచ్ఛంద సంస్థలు ఎన్నో కష్టపడుతున్నా డబ్బు, శిక్షణ లేక కుంగిపోతున్నాయని ఆమెకు స్వానుభవంతో తెలుసు. వాటికి ప్రభుత్వం చేయూతనిచ్చే వ్యవస్థ కావాలని పట్టుబట్టారు. అలా 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ఏర్పడింది. దానికి తొలి అధ్యక్షురాలు ఆమే. చదువు మధ్యలో ఆపేసిన మహిళలు తక్కువ కాలంలో పరీక్షలు పాసయ్యేలా సంక్షిప్త కోర్సుల పథకాన్ని ఆ బోర్డు దేశమంతటా నడిపింది. మద్రాసులో ఆమె చెప్పిన ట్యూషన్ చివరికి జాతీయ పథకమైందన్నమాట.

1953 జనవరిలో ఆమె అప్పటి కేంద్ర ఆర్థిక మంత్రి సి.డి.దేశ్‌ముఖ్‌ను పెళ్లాడారు. సాక్షి సంతకం పెట్టినవాళ్లలో నెహ్రూ ఒకరు. ముప్పై ఏళ్ల కిందట గేటు దగ్గర ఆగినాయనే. కుటుంబ తగాదాలకు ప్రత్యేక కోర్టులు ఉండాలని ఆమె ఏళ్ల తరబడి చెప్తూ వచ్చారు. 1975లో పద్మవిభూషణ్ అందుకున్నారు. 1981 మే 9న కన్నుమూశారు. ఫ్యామిలీ కోర్టుల చట్టం 1984లో వచ్చింది. చూడటానికి ఆమె లేరు.

మీ క్యాంపస్ గేటు బయట

ఇప్పుడు మీ సంగతి. ఎన్ఎస్ఎస్ 1969 సెప్టెంబరు 24న మొదలైంది. వలంటీర్ ఏడాదికి 120 గంటల చొప్పున రెండేళ్లలో 240 గంటలు పని చేయాలి. ఏడు రోజుల ప్రత్యేక శిబిరం అదనం. 120 గంటలంటే వారానికి రెండున్నర గంటల లోపే. పది చోట్ల పది ఫొటోలకు ఆ టైం పెట్టొచ్చు, ఒకే పని మీద కూడా పెట్టొచ్చు. దుర్గాబాయి జీవితం రెండో దారి చూపిస్తోంది.

మేడ్చల్ చుట్టూ ఫ్యాక్టరీలు, గోదాములు ఉన్నాయి. వాటిలో పనిచేసేవాళ్లలో ఏడో, ఎనిమిదో తరగతితో చదువు ఆపేసినవాళ్లను మీరే వెతకొచ్చు. మీ హాస్టల్ మెస్‌లో అన్నం వడ్డించే అక్కను, క్యాంపస్ ఊడ్చే అమ్మను అడిగి చూడండి. తెలంగాణ ఓపెన్ స్కూల్ ద్వారా వాళ్లు నేరుగా టెన్త్ రాయొచ్చు. ఫారం నింపడం, ఫీజు గడువు గుర్తుచేయడం, సాయంత్రం ఒక గంట లెక్కలు చెప్పడం మీరు చేయగలిగిన పనులే. నలుగురు స్టూడెంట్లు కలిసి ఇద్దరు మహిళలను టెన్త్ గట్టెక్కించినా చాలు.

లా చదివేవాళ్లకు ఇంకో దారి ఉంది. శామీర్‌పేటలోనే నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం ఉంది. న్యాయ సేవల చట్టం కింద మహిళలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం అందుతుంది. ఆ సంగతి తెలియని ఇళ్లు క్యాంపస్ గోడ అవతలే ఉండొచ్చు. వెళ్లి చెప్పడానికి, న్యాయ సేవాధికార సంస్థ దాకా తోడు వెళ్లడానికి డిగ్రీ పట్టా వచ్చేదాకా ఆగక్కర్లేదు.

ఏ పని పట్టుకున్నా ఒక నోట్‌బుక్ పెట్టండి. ఎవరిని కలిశారు, ఏం అడిగారు, ఎక్కడ ఆగిపోయింది, ఎంత ఖర్చయింది, చివరికి ఏమైంది... తేదీలతో రాయండి. ఆగిపోయిన చోటే మీకు రానిదేంటో తెలుస్తుంది. అకౌంట్స్ రావని తెలియొచ్చు, నలుగురిలో మాట్లాడటం రాదని తెలియొచ్చు. దుర్గాబాయికి లా రాదని తెలిసింది అలాగే. అక్కడి నుంచి ఏం నేర్చుకోవాలో ఎవరూ చెప్పనక్కర్లేదు.

సేవ చేసినంత మాత్రాన ఉద్యోగం వస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. ఆ నోట్‌బుక్ ఉంటే మాత్రం ఇంటర్వ్యూలో మీ దగ్గర రెండో వాక్యం ఉంటుంది, మూడోదీ ఉంటుంది. ఈ ఆదివారం ఎటూ సెలవే. మెస్‌లో అక్కను ఆమె ఎందాకా చదువుకుందో అడగండి.