అగ్నిమాపక దళపతి జేమ్సు బ్రెయిడ్‌వుడ్

సికింద్రాబాదు నివాసులకు అగ్నిభయము క్రొత్తది కాదు. 2022 వ సంవత్సరము మార్చి 23 వ తేదీని తెల్లవారకమునుపే బోయిగూడలోని యొక పాతసామానుల గోదామున నిప్పంటుకొని, పైయంతస్తున నిద్రించుచున్న బీహారు కూలీలు పదునొకండుగురు మరణించిరి. మరుసటి యేట మార్చి 16 వ తేదీ సాయంకాలము స్వప్నలోక్ భవనమున మంటలు పుట్టగా, ఆరుగురు యువతీయువకులు పొగచే ఊపిరాడక అసువులు బాసిరి. ఇట్టి సమయములందు ప్రజలందరును వెలుపలికి పరుగెత్తుచుండగా, అగ్నిమాపక భటులు మాత్రము లోనికి పోవుదురు. ఇది వట్టి సాహసము కాదు, నేర్చుకొనిన విద్య. ఆ విద్యకు క్రమమును, శాసనమును కల్పించిన వారిలో అగ్రగణ్యుడు జేమ్సు బ్రెయిడ్‌వుడ్. అతని చరిత్రము విద్యార్థులు తెలిసికొనదగినది.

జేమ్సు బ్రెయిడ్‌వుడ్ 1800 వ సంవత్సరము సెప్టెంబరు 3 వ తేదీని స్కాట్లండు దేశమునకు ముఖ్యపట్టణమైన ఎడిన్‌బరోలో జన్మించెను. అతని తండ్రి కొయ్యసామానులు చేయించి అమ్ముకొను వ్యాపారి. బాలుడు ఆ పట్టణపు హైస్కూలులో చదువుకొని, పిమ్మట గృహనిర్మాణపు పనులను నేర్చుకొనెను. ఏ దూలము ఎంత బరువు మోయునో, ఏ గోడ దేని యాధారమున నిలుచునో అతడు చిన్ననాడే గ్రహించెను. ఇండ్లు కట్టుటకై నేర్చిన యీ జ్ఞానమే ఇండ్లు కాలునప్పుడు అతనికి ఆయుధమాయెను.

ఆ కాలమున ఎడిన్‌బరో పాతపట్టణములో ఎత్తైన మేడలు ఒకదాని నొకటి ఒరసికొని యుండెడివి. వాని నడుమ మన గల్లీలకంటె ఇరుకైన సందులుండెను. నిప్పు నార్పు యంత్రములు భీమా కంపెనీలవి. ఒక కంపెనీవారికిని మరియొక కంపెనీవారికిని పొత్తు కుదరక, మంటలయెదుటనే కలహములు పుట్టుచుండెను. దీనిని మాన్పుటకై 1824 వ సంవత్సరమున పట్టణమంతటికిని ఒకే దళము నేర్పరచి, ఇరువదినాలుగేండ్ల ప్రాయముగల బ్రెయిడ్‌వుడ్‌ను దానికి అధిపతిగా నియమించిరి. అతడు ఇంటికప్పులు వేయువారిని, వడ్రంగులను, తాపీపనివారిని, కుళాయిపనివారిని తన దళములో చేర్చుకొనెను. కప్పుమీద నడువ నలవాటుపడినవాడు మంటలవేళను తొట్రుపడడని అతని యాలోచన.

కాని దళమునకు తగిన శిక్షణ మిచ్చుటకు వ్యవధి లేకపోయెను. అతడు పదవిలో ప్రవేశించిన కొలదివారములకే, ఆ సంవత్సరము నవంబరు 15 వ తేదీ రాత్రి, ఒక చిత్తరువులు చెక్కువాని కార్ఖానాలో కాగుచున్న అవిసెనూనె అంటుకొనెను. మంట మేడనుండి మేడకు ప్రాకెను. సందులు ఇరుకగుటచే యంత్రములు లోనికి పోజాలక పోయెను. అంతకంటె పెద్దకీడు మరియొకటి సంభవించెను. నగరాధికారులును, భీమా కంపెనీల పెద్దలును, పట్టణ ప్రముఖులును అచ్చట గుమిగూడి, తలకొక యాజ్ఞ నీయసాగిరి. ఒకరు యంత్రమును ఈ వైపునకు త్రిప్పుమనిరి. వేరొకరు ఆ వైపునకు లాగుమనిరి. భటులకు ఎవరి మాట వినవలయునో తెలియక కాలము వ్యర్థమయ్యెను. మరునాడు ట్రాన్ చర్చి గోపురము సైతము దగ్ధమయ్యెను. ఆ యగ్నిప్రళయములో పదుముగ్గురు మరణించిరి. సుమారు నాలుగువందల కుటుంబముల నివాసములు నశించెను.

సహజముగా ప్రజలు యువకుడైన దళపతినే నిందించిరి. కాని విచారణ జరిగిన మీదట తప్పు అతనిది కాదని తేలెను. దాని ఫలితముగా నొక నిబంధన యేర్పడినది: మంటలున్న చోట ఆజ్ఞాపించు అధికారము అగ్నిమాపక దళపతి యొక్కనికే చెందవలెను, ఎంతటి గొప్పవాడైనను అతనిని దాటి భటులకు ఉత్తరువు లీయరాదు. నేడు మనకు ఇది స్వల్పవిషయముగా తోచవచ్చును. దీనిని నేర్చుకొనుటకు ఆ పట్టణము చెల్లించిన మూల్యము మాత్రము స్వల్పము కాదు.

అటుపిమ్మట బ్రెయిడ్‌వుడ్ తన దళమును తీర్చిదిద్ద నారంభించెను. వారమునకొక దినము తెల్లవారుజామున నాలుగుగంటలకు వారిచే సాధన చేయించెడివాడు. ఆ వేళ వీధులు నిర్జనములుగా నుండును. అదియుగాక, అగ్నిప్రమాదములు పెక్కులు రాత్రివేళనే సంభవించునుగాన, భటులకు చీకటిలో పనిచేయు నలవాటు కలుగును. వీధిలో నిలిచి కిటికీలలోనికి నీరు చిమ్ముట నిష్ప్రయోజనమనియు, లోనికి జొచ్చి మండుచున్న వస్తువునకే నీరు తగులునట్లు చేయవలెననియు అతడు బోధించెను. పొగ పైకి లేచునుగాన నేలకు దగ్గరగా మంచిగాలి యుండుననియు, కావున వంగియో ప్రాకియో పోవలెననియు, ఎవడును ఒంటరిగా లోనికి పోరాదనియు నియమించెను. తలుపులు మూసియుంచినచో గాలి యందక మంట మందగించునని చూపించెను. ఒకప్పుడు కాలుచున్న యంగడిలో తుపాకిమందు పీపాలున్నవని తెలియగా, భటుల నెవ్వరిని పంపక, తానే లోనికి పోయి వానిని వెలుపలికి మోసికొనివచ్చెను. 1830 వ సంవత్సరమున తన యనుభవములను గ్రంథముగా ప్రకటించెను.

అతని కీర్తి లండనునకు వ్యాపించెను. 1833 వ సంవత్సరమున ఆ మహానగరమందలి పది భీమా కంపెనీలు తమ యంత్రములను ఒక్కటిగా చేర్చి, ఎనుబదిమంది భటులతో నొక దళమును స్థాపించి, దానిని బ్రెయిడ్‌వుడ్‌కు అప్పగించెను. లండనులో అతడు ఓడలపై పనిచేసిన నావికులను ఎక్కువగా చేర్చుకొనెను. రాత్రింబవళ్లు భేదములేక ఆజ్ఞకు లోబడి పనిచేయుట వారికి అలవాటు.

మరుసటి సంవత్సరము అక్టోబరు 16 వ తేదీని జరిగిన సంగతి, చెత్త తగులబెట్టువారందరును జ్ఞాపకముంచుకొనవలసినది. పూర్వము ఇంగ్లండు ప్రభుత్వపు ధనాగారములో కఱ్ఱపుల్లలమీద గంట్లుపెట్టి రాబడి లెక్కలు వ్రాసికొనెడివారు. ఆ పద్ధతి పోయిన పిమ్మట రెండు బండ్లెడు పుల్లలు మిగిలిపోయెను. వానిని వదలించుకొనుటకై పార్లమెంటు భవనము క్రిందనున్న పొయ్యిలలో దినమంతయు ఎడతెగక కాల్చిరి. పొగగూళ్లు మితిమీరి వేడెక్కెను. పైగదిలో నేల వేడిగానున్నదని చూడవచ్చినవారు గమనించినను, పని యాపినవారు లేరు. సాయంకాలమునకు మంటలు బయటపడెను. రాత్రి గడచునప్పటికి ఆ పురాతన భవనము చాలవరకు బూడిదయాయెను. ఆ భవనము ఏ కంపెనీవద్దను భీమా చేయబడియుండలేదు. అయినను బ్రెయిడ్‌వుడ్ తన దళముతో వచ్చి పోరాడెను. పెక్కుమంది కృషిచేతను, గాలి మరలుటచేతను వెస్టుమినిస్టరు మహామంటపము మాత్రము దక్కెను. పనికిమాలిన పుల్లలను అజాగ్రత్తగా కాల్చుటచే ఒక రాజ్యపు శాసనసభయే కాలిపోయెను!

ఇట్లు ఇరువదియెనిమిదేండ్లు అతడు లండనును కాపాడెను. నదీతీరమున పెద్దపెద్ద గిడ్డంగులలో నానావిధ సరకులను కలిపి నిలువచేయుట ప్రమాదకరమని పలుమారు హెచ్చరించెను. 1861 వ సంవత్సరము జూను 22 వ తేదీ, శనివారము సాయంకాలము, టూలీవీధియందలి గిడ్డంగులలో అగ్ని పుట్టెను. అచ్చట ప్రత్తి, జనపనార, క్రొవ్వు, పంచదార, సురేకారము నిలువయుండెను. ఒక గిడ్డంగినుండి మరియొకదానికి మంట ప్రాకకుండుటకై యినుపతలుపులు అమర్చియుండిరి. కాని వానిని మూయలేదు. కాపాడవలసిన తలుపులు తెరచియుండుటచే అగ్నికి రాజమార్గ మేర్పడెను. వేలకొలది జనులు వేడుకచూచుటకై వచ్చి లండను వంతెనపై క్రిక్కిరిసిరి. బ్రెయిడ్‌వుడ్ అలసిన తన భటుల యొద్దకు పోయి వారిని సేదదీర్చుచుండగా, ఒక గోడ హఠాత్తుగా విరిగి అతనిమీద పడెను. ఏ గోడ యెప్పుడు కూలునో యెరిగిన మహానుభావుడు తన భటులను విడువలేక ఆ గోడక్రిందనే ప్రాణములు విడిచెను. మంటల వేడిమిచే రెండుదినములవరకు అతని శరీరమును వెలికితీయుట సాధ్యము కాలేదు. ఆ యగ్ని పూర్తిగా చల్లారుటకు రెండువారములు పట్టెను.

అతని శవయాత్ర సుమారు ఒకటిన్నర మైలు పొడవు సాగెను. నగరమందలి దేవాలయముల గంటలు మ్రోగెను. 1865 వ సంవత్సరమున పార్లమెంటు చట్టము చేయగా, మరుసటి యేటినుండి లండను నగరమునకు ప్రజల దళము ఏర్పడెను. 2008 వ సంవత్సరమున అతని జన్మస్థానమైన ఎడిన్‌బరోలో అతని విగ్రహమును నిలిపిరి.

విద్యార్థులారా, మన దేశమునను ఇట్టి త్యాగము జరిగినది. 1944 వ సంవత్సరము ఏప్రిలు 14 వ తేదీని బొంబాయి రేవులో ప్రత్తియు, ప్రేలుడుసామగ్రియు నింపియున్న ఓడ బ్రద్దలై, నిప్పార్పుచున్న భటులు అరువదియార్గురు మృతినొందిరి. అందుచేతనే ఏటేట ఆ దినమును అగ్నిమాపక సేవాదినముగా పాటించుచున్నారు. మన రాష్ట్రమున అమలునందున్న 1999 నాటి అగ్నిమాపక సేవా చట్టము, మంటలనార్పు పనికి అడ్డమైనవారిని తొలగించుటకును, వీధిని మూసివేయుటకును, అవసరమైనచో తలుపులు పగులగొట్టి ప్రవేశించుటకును దళమువారికి అధికార మిచ్చినది. ఎడిన్‌బరోలో పదుముగ్గురి ప్రాణములిచ్చి నేర్చిన పాఠమే ఇందును కానవచ్చుచున్నది.

అయితే చట్టము తనంతట తాను మంట నార్పదు. బహిరంగ స్థలములందు చెత్త కాల్చుటను జాతీయ హరిత ధర్మాసనము 2016 వ సంవత్సరము డిసెంబరులో నిషేధించి, సామాన్యముగా కాల్చిన వారికి అయిదువేలు, పెద్దయెత్తున కాల్చిన వారికి ఇరువదియైదువేలు రూపాయల చొప్పున అపరాధము విధించినది. అయినను వేసవి రాగానే మన వీధులలో రాలిన వేపాకులను కుప్పచేసి అగ్గిపుల్ల గీయుట మానలేదు. ఆ యాకులు గోతిలో వేసినచో ఎరువగును. కాల్చినచో పొగయై పొరుగింటి పసిబిడ్డ రొమ్ములో చేరును. భోగినాటి వేకువను మంట వేయుట మన పెద్దలనాటి యాచారము. కాని రబ్బరుచక్రములను, ప్లాస్టికు సంచులను అందులో పడవేయుట పెద్దలనాటిది కాదు. మంట వేయువారు విద్యుత్తీగలకును, ఇండ్లకును దూరముగా వేసి, నీళ్లబిందె ప్రక్కననుంచుకొని, చివరి నిప్పుకణిక చల్లారువరకు కదలకుందురు గాక.

మోండా మార్కెట్టు సందులలో అడ్డముగా నిలిపిన యొక్క బండి చాలును, అగ్నిమాపక యంత్రము ఆగిపోవుటకు. అది వచ్చు గంట వినబడగానే దారి యిండు. మంట కనబడగానే 101 సంఖ్యకు ఫోనుచేసి, వీధి పేరును, గురుతును స్పష్టముగా చెప్పుడు. లోపల మనుష్యులున్నారేమో తెలిసినచో దళపతికి తెలుపుడు. పిమ్మట అతడు నిలుమన్నచోట నిలువుడు. సెల్‌ఫోనులతో చిత్రములు తీయుటకై గుంపుగూడువారు ఆనాడు లండను వంతెనపై నిలిచినవారి కంటె మేలుచేయుచున్నవారు కారు.

బ్రెయిడ్‌వుడ్ వలె మండుచున్న యింటిలో ప్రవేశించు ధైర్యము మనలో కొందరికే యుండును. కాని తెరచియున్న యొక తలుపును మూయుటకు, త్రోవలోని బండిని ప్రక్కకు తీయుటకు, ఎండుటాకుల కుప్పయెదుట అగ్గిపెట్టెను తిరిగి జేబులో వేసికొనుటకు అంతటి ధైర్యమక్కరలేదు. టూలీవీధిలో ఆ తలుపులను మూయుటకు ఒక్క మనుష్యుడు పూనుకొనియున్నచో, ఆ దళపతి ఆ రాత్రి తన యింటికి చేరియుండునేమో!