మోలిష్ పెట్టిన పేరు

డిగ్రీలో కెమిస్ట్రీ ప్రాక్టికల్స్ చేసినవారికి మోలిష్ పరీక్ష గుర్తుండే ఉంటుంది. చక్కెర నీళ్లలో రెండు చుక్కల ఆల్ఫా నాఫ్తాల్ ద్రావణం వేసి, పరీక్షనాళిక గోడ వెంట సల్ఫ్యూరిక్ ఆమ్లాన్ని మెల్లగా జారవిడిస్తే మధ్యలో ఊదారంగు వలయం కనిపిస్తుంది. రికార్డులో బొమ్మ వేసి మార్కులు తెచ్చుకున్నాం గానీ, ఈ మోలిష్ ఎవరని అడిగినవాళ్లం తక్కువ. ఆయన వృక్షశాస్త్రవేత్త. 1886లో ఆ పరీక్షను ప్రకటించింది కూడా మొక్కల్లోని చక్కెరను గుర్తించడానికే.

హాన్స్ మోలిష్ 1856 డిసెంబరు 6న బ్రనోలో పుట్టారు. ఇప్పుడది చెక్ దేశం, అప్పుడు ఆస్ట్రియా సామ్రాజ్యం. చెక్, జర్మన్ రెండూ వినిపించే ఊరు. వీరిది జర్మన్ మాట్లాడే కుటుంబం. తండ్రికి తోటల పెంపకం వృత్తి. అదే ఊరి మఠంలో బఠానీ మొక్కలతో ప్రయోగాలు చేసిన మెండెల్ వాళ్ల తోటకు వస్తుండేవారు. ఆ పెద్దాయన గొప్పతనం లోకానికి తెలిసేసరికి 1900 వచ్చింది.

మోలిష్ వియన్నాలో చదివి, 1894లో ప్రాగ్‌లోని జర్మన్ విశ్వవిద్యాలయంలో ఆచార్యులయ్యారు. ప్రాగ్ విశ్వవిద్యాలయం అప్పటికి పన్నెండేళ్ల కిందటే భాష పేరున చెక్, జర్మన్ అని రెండుగా విడిపోయింది. బోధనా మాధ్యమం తగవు మన ఊళ్లకే పరిమితం కాదన్నమాట. 1909లో వియన్నాకు తిరిగొచ్చారు. మధ్యలో మూడేళ్లు జపాన్‌లోని సెండాయ్‌లో పాఠాలు చెప్పారు. 1928లో పదవీ విరమణ చేశాక ఇంట్లో కూర్చోలేదు. జగదీశ్ చంద్రబోస్ పిలుపు మీద కలకత్తా వచ్చి బోస్ సంస్థలో పనిచేశారు. అప్పటికి డెబ్బై దాటాయి.

ఆయన అసలు పని ఆ తర్వాతే. మామిడికాయల గంపలో ఒక పండు పెడితే మిగతావి త్వరగా మగ్గుతాయని మన ఇళ్లలో తెలుసు. పండిన ఆపిల్ నుంచి వచ్చే ఆ వాయువు ఇథిలీన్ అని 1934లో ఇంగ్లండ్‌లో తేలింది. మోలిష్ పండిన ఆపిళ్లను మొలకలతో కలిపి గాజుమూత కింద ఉంచి చూశారు. మొలకలు పొడవు పెరగక, గిడసబారి లావెక్కాయి. ఒక మొక్క విడిచే రసాయనం మరో మొక్క మీద పనిచేయడాన్ని 1937లో అచ్చయిన పుస్తకంలో అల్లెలోపతి అన్నారు. అల్లోపతి కాదు, పిల్లలే కాదు, ఒక్కోసారి మేమూ పొరబడతాం. ‘పరస్పరం’, ‘బాధ’ అనే అర్థాలున్న రెండు గ్రీకు మాటలను కలిపిన పేరది. ఆ ఏడాదే డిసెంబరు 8న, 81వ పుట్టినరోజు గడిచిన రెండో రోజున కన్నుమూశారు.

ఆ పేరు ఇప్పుడు ఎక్కువగా కలుపు దగ్గర వినిపిస్తోంది. జొన్న వేర్లు సొర్గోలియోన్ అనే పదార్థాన్ని వదులుతాయి. అది పక్కన మొలిచే కలుపును అణచగలదు. పాకిస్తాన్ పంజాబులో పరిశోధకులు ఎండిన జొన్న మొక్కలను ముక్కలు చేసి, ఒక రోజు నీళ్లలో నానబెట్టి, వడకట్టి గోధుమ చేలో చల్లి చూశారు. కలుపు తగ్గింది, పూర్తిగా పోలేదు. మోతాదు మించితే పైరుకూ దెబ్బే. తరగతిలో చేసి చూపించవచ్చు: రెండు పళ్లేల్లో తడిగుడ్డ మీద ఆవాలు లెక్కపెట్టి చల్లి, ఒకదానికి మంచినీళ్లు, ఇంకోదానికి యూకలిప్టస్ ఆకులు నానబెట్టిన నీళ్లు పోయించండి. నాలుగో రోజున మొలకలు పిల్లలే లెక్కపెడతారు. వయ్యారిభామ మాత్రం వద్దు, చర్మం దద్దుర్లు లేస్తుంది.

మోలిష్ ఆ మాటను కీడుకూ మేలుకూ కలిపే వాడారు. 1974లో ఈ అంశం మీద పేరుపొందిన అమెరికన్ గ్రంథం రాసిన రైస్ దాన్ని కీడుకే కుదించి, 1984 నాటి రెండో ముద్రణలో మేలునూ మళ్లీ చేర్చుకున్నారు. మోలిష్ పుస్తకం మాత్రం అన్నాళ్లూ జర్మన్‌లోనే ఉంది. ఇంగ్లిష్ అనువాదం 2001లో వచ్చింది. దాన్ని అచ్చువేసింది లండనూ న్యూయార్కూ కాదు, మన జోధ్‌పూర్.