గులాం యజ్దానీ

నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాలలో చెలకల నడుమ, గుట్టల అంచులలో గుండ్రంగా పేర్చిన పెద్ద బండలు కనిపిస్తాయి. పల్లె ప్రజలు వీటిని రాకాసి గుళ్లు అంటారు. నిజానికి అవి రాక్షసులు కట్టినవి కావు. ఇనుప యుగపు మానవుల సమాధులు. పేరు లేని ఆ మనుషులకు సైతం చరిత్రలో స్థానం ఉన్నదని నమ్మి, దక్కను గడ్డపై పురావస్తు పరిశోధనకు పునాది వేసిన విద్వాంసుడు గులాం యజ్దానీ.

యజ్దానీ 1885లో ఢిల్లీలో జన్మించారు. అరబ్బీ, పారశీక భాషలలో పాండిత్యం గడించి, కళాశాలలో ఆచార్యులుగా పనిచేశారు. 1914లో హైదరాబాదు సంస్థానంలో పురావస్తు శాఖ ఏర్పడినప్పుడు దాని బాధ్యత ఆయనకు అప్పగించబడింది. 1943 వరకు ఆయన ఆ శాఖకు సంచాలకులుగా ఉన్నారు.

ఆనాడు ప్రాచీన కట్టడాలకు రక్షణ కరువై ఉండేది. కొందరు గుప్తనిధుల ఆశతో సమాధులను పెకలించేవారు; మరికొందరు గోడలకూ పునాదులకూ ఆ రాళ్లను తరలించేవారు. ఒకసారి చెదిరిన సమాధిని తిరిగి నిలపవచ్చునేమో గాని, అందులోని వస్తువుల అమరిక చెప్పే సత్యాన్ని తిరిగి పొందలేము. ఆ కాలంలోనే భువనగిరి సమీపాన గల రాయగిరి వంటి చోట్ల పరిశోధకులు సమాధులను శాస్త్రీయంగా త్రవ్వనారంభించారు. ఇటువంటి సమాధులలో రాతి పలకల పెట్టెలు, ఇనుప పనిముట్లు, లోపల నలుపు, వెలుపల ఎరుపు రంగు గల కుండలు లభిస్తాయి. ఆ కుండలపై గీసిన గుర్తులు యజ్దానీ దృష్టిని ఆకర్షించాయి. వాటిని శ్రద్ధతో సేకరించి 1917లో ప్రకటించారు. అవి అక్షరాలకు తొలిరూపాలా, కుమ్మరుల చిహ్నాలా అనే ప్రశ్న నేటికీ తేలలేదు. అయితే ఆయన నమోదు చేయకపోతే అసలా ప్రశ్నే పుట్టేది కాదు.

యజ్దానీ దృష్టిలో కట్టడాలకు మతభేదం లేదు. పాలంపేటలోని రామప్ప ఆలయంపై 1922లో గ్రంథం వెలువరించారు. నాడు నిజాం రాజ్యంలో ఉన్న అజంతా చిత్రాలు పెచ్చులూడి పోతుండగా, ఇటలీ నుండి నిపుణులను రప్పించి సంరక్షింపజేశారు. ఆ చిత్రాలపై 1930 నుండి 1955 వరకు నాలుగు సంపుటాలు ప్రకటించారు. బీదరు కోటలను, మసీదులను గురించీ అంతే శ్రద్ధతో రచించారు. మెదక్ ప్రాంతంలోని కొండాపూర్‌లో ఆయన జరిపిన త్రవ్వకాలలో శాతవాహనుల నాటి నాణేలు, పూసలు, మట్టిబొమ్మలు బయల్పడ్డాయి.

1959లో భారత ప్రభుత్వం ఆయనను పద్మభూషణ్ పురస్కారంతో గౌరవించింది. 1962లో యజ్దానీ కన్నుమూశారు. ఆయన అక్షరబద్ధం చేసిన రామప్ప ఆలయం 2021లో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తింపు పొందింది. కాని చెలకలలోని రాకాసి గుళ్లకు అటువంటి కీర్తి లేదు. నేటికీ అవి ఒక్కొక్కటిగా కనుమరుగవుతూనే ఉన్నాయి. మన ఊరి రాయిని చదవడం, చదివేదాకా దానిని కదపకుండా కాపాడడం యజ్దానీ జీవితం మనకు నేర్పే పాఠం.